లోపలికి వచ్చేవాళ్ళని ఏమీ అనదు

ఇళ్ళకు వెళ్ళి వాషింగ్ మెషీన్లు బాగుచేసేవారి వృత్తిలో, కరెంటు కన్నా ఎక్కువమందిని గాయపరచిన మాట ఒకటుంది: "ఏమీ అనదు." ఆ మాట అనేవారు సాధారణంగా గుమ్మంలో, ముఖాన చిరునవ్వుతో, చేతిలో ఏ గొలుసూ లేకుండా నిలబడి ఉంటారు. వారి మోకాళ్ళ పక్కనుంచి తొంగిచూస్తున్న జంతువు ఆ క్షణం వరకూ నిజంగానే ఎవరినీ ఏమీ అని ఉండదు.

మన మెకానిక్‌కు ఎడమ పిక్క మీద ఆ మాట తాలూకు గుర్తు ఉంది. అది మానిన నాటినుంచి అతడు పరుల ఇళ్ళలోకి ప్రవేశించడాన్ని ఒక శాస్త్రంలా అభ్యసించాడు. గేటు బయటే నిలబడి స్క్రూడ్రైవరుతో గడియ మీద కొడతాడు. అరుపు వినిపిస్తే, అది ఏ దిక్కునుంచి వస్తున్నదీ, నేలకు ఎంత ఎత్తునుంచి వస్తున్నదీ చెవితోనే అంచనా కడతాడు. కుక్కను గదిలో పెట్టి గడియ వేయమని అడుగుతాడు. "వేశాం రావయ్యా" అన్న మాటను నమ్మడు. గడియ పడిన చప్పుడును మాత్రమే నమ్ముతాడు. అప్పుడు కూడా ఎడమకాలే ముందు పెడతాడు, అది ఇదివరకే కరిపించుకున్న కాలు గనక.

ఈ శాస్త్రం వల్ల అతడు చాలా ఇళ్ళలోకి వెళ్ళకుండానే తిరిగివచ్చేవాడు. తోటి మెకానిక్కులూ అదే పని చేయసాగారు. చివరికి ఒకడు ఏ కుక్కకు జడిసి వెనక్కి వచ్చాడో, అది గేటు పక్కన నిలబెట్టిన పింగాణీ బొమ్మ అని తేలింది. దానితో సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేచి, లేవడమే ఒక ప్రకటన అన్నట్టు కాసేపు అలాగే నిలబడి, ఇకమీదట కుక్క ఉందన్న కారణంతో ఎవరూ పని వదిలేసి రాకూడదని ఉత్తర్వు వేశాడు. సూపర్‌వైజర్‌కు కుక్కల విషయంలో ఒక సిద్ధాంతం ఉంది. అవి మనిషిని కరవవట, మనిషిలోని భయాన్ని కరుస్తాయట. ఆయన కస్టమర్ల ఇళ్ళకు వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది కనుక ఆ సిద్ధాంతానికి ఇంతవరకూ ఒక్క పంటిగాటూ పడలేదు.

ఆ రోజు సాయంత్రం మెకానిక్ కూతురి బడిలో నాటకం ఉంది. అందులో ఆమెది కుక్క వేషం. మాటలేవీ లేవు, దొంగ గోడ దూకగానే మొరగాలి, అంతే. అయితే ఆ మొరుగు వారంరోజులుగా ఇంట్లో పెద్ద సమస్యైపోయింది. తల్లి ఎదురుగా ఉంటే అది దగ్గులా వచ్చేది. టీచరు ఎదురుగా ఉంటే తుమ్ములా వచ్చేది. తండ్రి పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నప్పుడు మాత్రం భోజనాల బల్ల కిందనుంచి నిక్కమైన మొరుగు ఒకటి వెలువడేది. అతడు సంచి పారేసి గోడకు అతుక్కుపోయేవాడు.

"నాన్నా, నువ్వు ముందు వరసలో కూర్చోవాలి," అని ఉదయమే ఆజ్ఞాపించింది పిల్ల. "నువ్వు ఉలిక్కిపడితేనే నాకు మొరుగు వస్తుంది."

"టీచరు ఉంటుంది కదా తల్లీ?"

"టీచరు ఉలిక్కిపడినట్టు నటిస్తుంది. నాకు తెలిసిపోతుంది. నువ్వు నిజంగా పడతావు."

భయపడడం చేతనైనందుకు అతణ్ణి ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. అతడు తప్పక వస్తానని మాట ఇచ్చాడు. పెందలాడే వెళ్ళేందుకు సూపర్‌వైజర్‌ను అనుమతి అడిగాడు.

"వెళ్ళవయ్యా, వద్దన్నానా?" అన్నాడు సూపర్‌వైజర్. "ఈ ఒక్క కంప్లయింటూ చూసేసి అటునుంచి అటే వెళ్ళు. మధ్యలో కుక్కా గిక్కా అని ఫోన్ చేశావో, సెలవూ లేదు గిలవూ లేదు."

ఆ ఇల్లు సందు చివర ఉంది. చిన్న ఇల్లు. వీధి తలుపు, హాలు, నడవా, పెరటి తలుపు అన్నీ ఒకే గీత మీద ఉండడంవల్ల తలుపులు తీస్తే వీధినుంచే పెరట్లో ఆరేసిన దుప్పటి కనిపించేది. మెకానిక్‌ను ముందుగా ఆకర్షించినది ఆ ఇంటి కొత్తదనం. గోడలకు తాజా రంగు, మెరిసే స్విచ్ బోర్డులు, గేటు పక్కన తళతళలాడే కుళాయి. ఇంత బాగా బాగుచేయించుకున్న ఇంట్లో ఇంకా చెడిపోవడానికి ఏం మిగిలిందా అనిపించేలా ఉంది.

అతడు గడియ మీద స్క్రూడ్రైవరుతో కొట్టాడు. అరుపు రాలేదు. తలుపు తీసి, దాన్ని ఆసరాగా పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడింది. మోకాళ్ళ నొప్పులున్నవారు నిలబడే తీరు అది.

"మెషీన్ పని అమ్మా. కుక్క ఉందా?"

"ఉందయ్యా."

"గదిలో పెట్టి గడియ వేస్తారా?"

"అక్కర్లేదు నాయనా. లోపలికి వచ్చేవాళ్ళని ఏమీ అనదు."

అతడు ఆ వాక్యంలో చివరి రెండు మాటలే విన్నాడు. ఎడమ పిక్క దానంతటదే బిగుసుకుంది. జేబులోంచి ఫోన్ తీశాడు. సూపర్‌వైజర్ కంఠం గుర్తొచ్చింది. మళ్ళీ జేబులో పెట్టాడు. ముందు వరసలో తనకోసం ఉంచిన ఖాళీ కుర్చీని తలచుకుని, ఎడమకాలు లోపల పెట్టాడు.

గుమ్మానికి అడ్డంగా, లోపలివైపు, పడుకున్నది కుక్క అని గుర్తించడానికి అతడికి కొంత సమయం పట్టింది. మొదట దాన్ని చుట్టిపెట్టిన పరుపు అనుకున్నాడు. బూడిదరంగు బొచ్చు, బండరాయి లాంటి తల. అది మొరగలేదు, లేవలేదు. తల మాత్రం ఎత్తి మెకానిక్‌ను చూసింది, పెద్దావిడను చూసింది, తరవాత వంటగది వైపు చూసింది. బస్సు కదిలేముందు కండక్టరు సీట్ల మీదుగా పోనిచ్చే చూపు ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది ఆ చూపు.

అదే క్షణాన వంటగదిలోంచి ఒక మనిషి దూసుకువచ్చాడు. ఒక చేతిలో బూట్లు, చంకలో పైపులు బిగించే పెద్ద రెంచి, ఒక కాలికి మోకాలి వరకే ప్యాంటు.

"వచ్చావా అన్నా! నీ కడుపు చల్లగుండ!" అన్నాడు మెకానిక్ రెండు భుజాలూ పట్టుకుని. "ఏమనుకోకు. నాకూ పెళ్ళాంబిడ్డలున్నారు."

అని కుక్క మీదుగా ఒక్క దూకు దూకి, గేటు కూడా వేయకుండా సందు మలుపు తిరిగిపోయాడు. కుక్క చెవి కూడా కదపలేదు.

"ఎవరమ్మా అతను?"

"ప్లంబరు. మంచి మనిషి. అంట్లు కూడా శుభ్రంగా తోమేవాడు," అని పెద్దావిడ నిట్టూర్చింది. "మెషీన్ అటు ఉంది నాయనా, నడవాలో."

అంట్లు తోమే ప్లంబరు గురించి ఆలోచించడానికి మెకానిక్‌కు తీరిక లేదు. అతడు మెషీన్‌ను గోడనుంచి జరిపి వెనక కూర్చున్నాడు. నీళ్ళు బయటికి పోవడం లేదు. పైపు ఊడదీసి చూస్తే లోపల బిరడాలా ఏదో అడ్డుపడి ఉంది. పటకారుతో లాగాడు. కుళాయి మరలకు చుట్టే పల్చని తెల్లటి టేపు, ఉండలా చుట్టి, ఎంతో పొందికగా కూరి ఉంది. చుట్టిన తీరులో పనితనం ఉంది. మెషీన్ తనంతట తాను ఇలాంటి టేపును మింగదు. ఈ సంగతి అతడి మనసులో ఒక మూల కూర్చుంది కానీ ఇంకా నోరు విప్పలేదు.

మెషీన్ తిప్పి చూశాడు. నీళ్ళు సుఖంగా పోయాయి. సాయంత్రానికి ఇంకా వ్యవధి ఉంది. అతడు పరికరాలు సర్దుకుని, "వస్తానమ్మా," అని గుమ్మం వైపు నడిచాడు.

కుక్క లేచి నిలబడింది.

లేచాక అది ఇంకా చాలాసేపు లేస్తూనే ఉన్నట్టు తోచింది. పై పెదవి ఒక పక్కకు ముడుచుకుంది. గచ్చు కిందెక్కడో మోటారు ఆన్ చేసినట్టు ఒక గుర్రు మొదలైంది. మెకానిక్ ఒక అడుగు వెనక్కి వేశాడు, గుర్రు ఆగింది. ఒక అడుగు ముందుకు వేశాడు, మొదలైంది. పెరటి తలుపు గుర్తొచ్చి వెనుదిరిగి పరిగెత్తాడు. అతడు చేరేసరికి అది అక్కడ, అదే పెదవితో, అడ్డంగా నిలబడి ఉంది. తరవాత అది అతడి ప్యాంటు అంచును పళ్ళతో పట్టుకుని, చర్రున ఒక పీలిక చింపి, మిగిలినదాన్ని లాగుతూ తీసుకువచ్చి హాల్లో కుర్చీ ముందు వదిలింది. అతడు కూర్చున్నాడు. నిలబడే శక్తి ఉన్నా కూర్చునేవాడే.

"మాస్టారూ, చాల్లెండి," అంది పెద్దావిడ కుక్కతో. "కూర్చున్నాడుగా."

కుక్క వెళ్ళి మళ్ళీ గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"ఏమీ అనదన్నారు కదమ్మా?" అన్నాడు మెకానిక్.

"లోపలికి వచ్చేవాళ్ళని అనదన్నాను. అందా?"

అనలేదు. ఇన్నేళ్ళ తన శాస్త్రంలో గేటు ఉంది, గడియ ఉంది, ఎడమకాలు ఉంది. ఇంట్లోంచి బయటికి రావడం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. లోపలికి వెళ్ళగలిగినవాడు బయటికి రాగలడని అతడు ఎవరినీ అడగకుండా నమ్మేశాడు.

పెద్దావిడ టీ తెచ్చి ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఎంతోమందికి చెప్పి చెప్పి నునుపుదేరిన ధోరణిలో సంగతి చెప్పింది. ఆ కుక్క గొర్రెల మందలను కాసే జాతిది. ఆమె భర్త దాన్ని ముచ్చటపడి కొన్నాడు. పని లేకపోతే దానికి పిచ్చెక్కుతుందని అమ్మినవాడు చెప్పాడు. ఇంట్లో గొర్రెలు లేవు కనుక అది మొగుడూపెళ్ళాలనే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఇద్దరుండాలి. ఇద్దరికి తగ్గితే మంద చెదిరినట్టు. ఎక్కువైతే దానికి అభ్యంతరం లేదు. అందుకే దానికి లెక్కల మాస్టారని పేరు పెట్టారు. పోనుపోను ఆ పేరుతో పాటు గౌరవమూ ఇవ్వవలసివచ్చింది.

"కట్టేయకూడదా?"

"గొలుసు ఆయన పట్టుకుపోయారు."

"గదిలో పెడితే?"

ఆమె చేయి చాపి పడకగది చూపించింది. దానికి సగం తలుపే ఉంది. మిగతా సగం అంచున పంటిగాట్లున్నాయి.

"ఏదైనా తిండి పెట్టి..."

"తింటూ లెక్కపెడతారు."

మెకానిక్ టీ కప్పు కింద పెట్టాడు. "మరి మీవారు ఎలా వెళ్ళారు?"

"అదేగా తమాషా!" అంది పెద్దావిడ. "రంగులు వేసేవాడు వచ్చాడు. ముగ్గురమయ్యాం. పాలు తెస్తానని ఈయన బయటికి వెళ్ళారు. మాస్టారు తల కూడా ఎత్తలేదు. అంతే, ఇంక రాలేదు. వెనక సందులో మా ఆడపడుచు ఇంట్లో కాలుమీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నారు. ఆ కిటికీ తీస్తే ఆయన దగ్గు వినిపిస్తుంది. ఫోన్ చేస్తే, 'హాయిగా ఉందే, నువ్వూ ఎవరినైనా పిలిపించుకుని వచ్చెయ్' అంటారు."

"రంగులాయన?"

"పాపం, గోడలన్నీ రెండుసార్లు వేశాడు. ఇంక వేయడానికి గోడ లేక, ఫ్యూజు కాల్చేసి కరెంటు అతణ్ణి పిలిపించాడు. అతను రాగానే ఇతను పారిపోయాడు. కరెంటు అతను బోర్డులన్నీ మార్చాడు, మార్చి మార్చి ఒకరోజు గోడకు తూటు పొడిస్తే అది పైపులో దిగింది. ప్లంబరు వచ్చాడు. ప్లంబరు..."

"మెషీన్లో టేపు కుక్కాడు," అన్నాడు మెకానిక్. మనసు మూల కూర్చున్న సంగతి ఇప్పుడు లేచి నోరు విప్పింది.

"తప్పంటావా? వాళ్ళావిడ రోజూ ఏడ్చేది ఫోన్లో. నేనే ఓదార్చేదాన్ని."

"మరి మీరెందుకు వెళ్ళలేదమ్మా? మనిషి వచ్చిన ప్రతిసారీ మీకూ వంతు ఉంటుందిగా?"

పెద్దావిడ మోకాళ్ళు నిమురుకుంది. "ముగ్గురమయ్యామంటే ఎవరు ముందు పరిగెడితే వాళ్ళదే గెలుపు నాయనా. నేను కుర్చీలోంచి లేచేలోపు వాళ్ళు సందు దాటేస్తారు."

ఇంతలో మెకానిక్ భార్య ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్? పిల్లకి ముఖానికి రంగేశారు. అప్పట్నుంచి మాట్లాడట్లేదు, తోక సర్దుకుంటోంది. నువ్వెక్కడని సైగ చేస్తోంది."

"కుక్క వదలట్లేదే."

"ఏ కుక్క?"

"కస్టమర్ కుక్క. బయటికి పోనివ్వట్లేదు."

"చూడు," అంది భార్య. "నీ కూతురు వారంనుంచి నిన్ను భయపెట్టడానికి సాధన చేస్తోంది. నువ్వెళ్ళి పరాయి కుక్కకి భయపడి కూర్చుంటే అది జన్మలో నిన్ను క్షమించదు."

అతడు మనసు గట్టిచేసుకుని సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాడు.

"పని అయిపోయింది సార్. కానీ కుక్క..."

"ఆ మాట వినను అన్నానా లేదా?"

"లోపలికి రానిచ్చింది సార్. బయటికే పోనివ్వట్లేదు."

"ఏమయ్యా, వినేవాళ్ళు నవ్విపోతారు. బయటివాళ్ళని లోపలికి రానివ్వకపోవడం కుక్క పని. లోపలివాళ్ళని బయటికి పోనివ్వకపోవడం అత్తగారి పని. సరిగ్గా చూడు, అక్కడున్నది ఎవరో."

"సార్, నిజంగా సార్. ప్యాంటు చింపేసింది."

"నువ్వు భయపడుతున్నావు, దానికి వాసన తగులుతోంది. చిటికేసి 'జరుగు' అనాలి. జరుగుతుంది. కుక్కలకి నేనంటే ప్రాణం తెలుసా?"

ఫోన్ పెట్టేశాక మెకానిక్ దృష్టి వంటగదిలో ఉన్న ఫ్రిజ్ మీద పడింది. దాని వెనక ఒక తీగ తప్పిస్తే చాలు. ఫ్రిజ్‌లు చూసే మిత్రుడు ఎక్కడున్నా వస్తాడు. లేచి వెళ్ళి తీగ మీద చేయి కూడా వేశాడు. ఆ మిత్రుడికి పోయిన నెలలోనే కవలలు పుట్టారు. వాళ్ళ ఫొటో తన ఫోన్లోనే ఉంది, ఇద్దరూ ఒకేలా ఆవలిస్తూ. అతడు చేయి తీసేశాడు. తీసి, తలుపు పక్కనే నిలబడి ఆలోచిస్తుండగా, సూపర్‌వైజర్ చివర అన్న మాట తిరిగి చెవిలో పడింది. అతడు మళ్ళీ ఫోన్ చేశాడు.

"సార్, నావల్ల కావట్లేదు. మీరే ఒకసారి వచ్చి ఆ చిటిక చూపిస్తే నేర్చుకుంటాను. మిగతావాళ్ళకీ చెప్తాను."

ఇందులో ఒక్క అబద్ధం లేదని అతడు తనకు తాను చెప్పుకున్నాడు. సూపర్‌వైజర్ గొంతు వెంటనే మెత్తబడింది. "వస్తున్నా ఉండు. మీకందరికీ చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాలి."

ఫోన్ పెట్టేసరికి పెద్దావిడ కనిపించలేదు. లోపలినుంచి బీరువా తెరిచిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆమె ఇస్త్రీ మడత నలగని బట్టల్లో, భుజాన చేతిసంచితో, కాళ్ళకు బయటి చెప్పులతో వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఎక్కడికని అతడు అడగలేదు. ఆమె చెప్పలేదు. చెప్పులు మాత్రం చాలాకాలంగా బయట తిరగని చెప్పుల్లా కిర్రుమంటున్నాయి.

సూపర్‌వైజర్ కారు దిగి, చొక్కా సర్దుకుని, గేటు నెట్టుకు వచ్చాడు.

"లోపలికి రాకండి సార్," అన్నాడు మెకానిక్. తాను చెప్పానని తరవాత ప్రమాణం చేయగలిగేంత స్పష్టంగా, అవతలివాడికి వినిపించనంత మెల్లగా అన్నాడు.

సూపర్‌వైజర్ గుమ్మం దాటి, కుక్క మీదుగా కాలు వేసి, హాలు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. కుక్క తల ఎత్తి ముగ్గురినీ చూసింది. దించింది. కళ్ళు మూసుకుంది.

"చూశావా?" అన్నాడు సూపర్‌వైజర్. "ఏమైనా అందా?"

మెకానిక్ సంచి అప్పటికే భుజాన ఉంది. గుమ్మం తెరిచి ఉంది. సందు మలుపులో అతడి స్కూటర్ ఉంది. అతడు ఒక అడుగు వేశాడు. కిర్రుమన్న చప్పుడుకు వెనుదిరిగి చూశాడు. పెద్దావిడ కుర్చీ చేతులు పట్టుకుని లేవడానికి ప్రయత్నిస్తోంది. సగం లేచి, అతడు తనను చూస్తున్నాడని గ్రహించి, మళ్ళీ కూర్చుండిపోయింది.

"నువ్వెళ్ళు నాయనా. పిల్ల ఎదురుచూస్తుంటుంది. నాకు అలవాటేగా."

అతడు గుమ్మాన్ని చూశాడు. మనసులో ముందు వరసలోని ఖాళీ కుర్చీని చూశాడు. ఈ కుర్చీనీ చూశాడు. తిట్టుకున్నాడు, ఎవరినన్నది అతడికే తెలియదు.

"మీవారు ఉన్నది వెనక సందే అన్నారు కదూ?"

"ఆ."

"తీసుకురాగలరా?"

పెద్దావిడ ముఖం మీద వెలుగు వచ్చింది, కానీ అది సౌమ్యమైన వెలుగు కాదు. "చెవి పట్టుకుని తెస్తాను."

"మోకాళ్ళో?"

"మెట్లెక్కితేనే నొప్పి నాయనా. ఆయన మీదికి వెళ్ళేటప్పుడు ఉండదు."

అతడు చేయి అందించి లేపాడు. ఆమె కుక్క తోకను జాగ్రత్తగా దాటి బయటికి నడిచింది. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, సందును ఆ చివరినుంచి ఈ చివరకు చూసుకుని, వెనక సందు వైపు తిరిగింది.

"ఏంటయ్యా ఈ సంత?" అన్నాడు సూపర్‌వైజర్. "పద, వెళ్దాం. నాకు మీటింగ్ ఉంది." అని గుమ్మం వైపు నడిచాడు.

కుక్క లేచింది. సూపర్‌వైజర్ చిటికేశాడు. పెదవి ముడుచుకుంది. మళ్ళీ చిటికేశాడు, ఈసారి చప్పుడు రాలేదు. వేళ్ళు తడిసి ఉన్నాయి.

"జరుగు," అన్నాడు. గుర్రు మొదలైంది. "జరగమ్మా," అన్నాడు. కొంచెం ఆగి, "జరగండి," అన్నాడు.

"మాస్టారూ అనాలి సార్," అన్నాడు మెకానిక్.

కాసేపటికి సూపర్‌వైజర్ కూడా కుర్చీలో ఉన్నాడు. ఆయన ప్యాంటు పీలిక మెకానిక్ ప్యాంటు పీలిక పక్కన గచ్చు మీద పడి ఉంది. మెకానిక్ సంగతంతా చెప్పాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"సార్, వాసన ఏమైనా తగులుతోందా?"

"నోర్ముయ్."

గోడగడియారం నడుస్తూనే ఉంది. భార్యనుంచి ఫోన్ వచ్చింది. "తెర లేవబోతోంది. పిల్ల తెర పక్కనుంచి ముందు వరసే చూస్తోంది. టీచరు ధైర్యం చెప్తుంటే తుమ్మింది." మెకానిక్ తెరిచి ఉన్న గుమ్మంలోంచి సందులోకి చూశాడు. పెద్దావిడ అటునుంచి అటే పోయిందేమో. పోతే తప్పు పట్టగలడా? రంగులవాడు పోలేదా, ప్లంబరు పోలేదా?

అప్పుడు సందులోంచి ఒక దగ్గు వినిపించింది.

దగ్గు వెనక దాని యజమాని, ఆయన వెనక పెద్దావిడ. ఆయన చంకలో పేపరు ఉంది. ఆమె నిజంగానే చెవి పట్టుకుని ఉంది.

"వదలవే, జనం చూస్తున్నారు. మా చెల్లెలు స్టవ్ మీద నాకోసం పాలు పెట్టింది."

"పాలు తెస్తానని పోయినాయనకి ఇంకా పాలు మరగలేదా? నడవండి."

"గుమ్మం దాటను. చెప్తున్నా. నా స్వేచ్ఛ..."

ఆమె ఆయన నడుము మీద రెండు చేతులూ ఆన్చి ఒక్క తోపు తోసింది. ఆయన పేపరుతో సహా హాల్లో వచ్చి పడ్డాడు.

కుక్క లేచింది. కానీ ఈసారి గుర్రు లేదు. అది ఆయనను వాసన చూసింది, ఇంకోసారి చూసింది, తరవాత ఆ బండరాయి తల ఆయన పొట్టలో పెట్టి కూనలా మూలగసాగింది. తోక గోడకు తగిలి రెండు పూతల రంగు పెచ్చులూడింది. "ఊరుకోండి మాస్టారూ, ఊరుకోండి," అంటున్నాడాయన, పేపరు కింద పడిపోయిందన్న సంగతి మరిచి. ఆ సందట్లోనూ అది తన పని మానలేదు. ఆయన భుజం మీదుగా చూసి లెక్క సరిచూసుకుంది: ముగ్గురు.

సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేవడానికి సిద్ధపడుతున్నాడు. అయితే ఆయన చాలా ఏళ్ళుగా కుర్చీల్లో కూర్చునే మనిషి. మెకానిక్ నిలబడే మనిషి. మెకానిక్ గుమ్మం దాటేశాడు.

"ఆగవయ్యా! ఇది ఆర్డరు!" అని వెనకనుంచి వినిపించింది. ఆ వెంటనే గుర్రు. ఆ వెంటనే కుర్చీ చప్పుడు.

స్కూటర్ దగ్గర పెద్దావిడ నిలబడి ఉంది.

"మీరు లోపలికి వెళ్ళరా అమ్మా?"

"ఎందుకూ? ఇద్దరున్నారుగా. మాస్టారికి సరిపోతుంది." ఆమె అప్పటికే వెనక సీటు తుడుచుకుంటోంది. "నాటకం చూసి ఎన్నాళ్ళైందో. నన్నూ తీసుకుపో."

వాళ్ళు హాలు చేరేసరికి నాటకం సగమైంది. వేదిక మీద దొంగ గోడ దూకేసి, ఎవరూ మొరగకపోవడంతో ఏం చేయాలో తోచక, గోడను మళ్ళీ అటువైపునుంచి దూకుతున్నాడు. మూలన గోధుమరంగు బట్టల్లో, కాగితపు చెవులతో, నాలుగుకాళ్ళ మీద వంగి ఉన్న పిల్ల ముందు వరసనే చూస్తోంది. చూస్తున్న కళ్ళలో నీళ్ళున్నాయి. మెకానిక్ వంగి వంగి వెళ్ళి భార్య పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. పెద్దావిడ పక్కనే ఉన్న చిన్నపిల్లల బెంచీ మీద సర్దుకుంది. ఆమె చేతిసంచి గలగలమంది.

అదే సమయానికి అతడి జేబులో ఫోన్ అదిరింది. మెకానిక్కులందరికీ వెళ్ళిన కొత్త కంప్లయింటు. అదే చిరునామా. ఫ్రిజ్ పనిచేయడం లేదు, అత్యవసరం.

"ఏం చెడిపోయిందట?" అంది పెద్దావిడ వంగి చూసి.

"ఫ్రిజ్ అట."

"నిక్షేపంలా ఉంది పొద్దున. ఎవరు పీకారో!" అంటూ ఆమె సంచి మూతి కాస్త తెరిచింది. లోపల బరువైన ఇనప గొలుసు చుట్టగా పడి ఉంది. "ఆడపడుచు ఇంట్లో దొరికింది. రేపు చూద్దాంలే. ముందు నాటకం కానీ."

ఫ్రిజ్‌ల మిత్రుడికి వెళ్ళవద్దని కబురు పెట్టడానికి మెకానిక్ తల వంచుకుని మీటలు నొక్కుతున్నాడు. కబురు పంపి తల ఎత్తాడు.

వేదిక అంచున, అతడి ముఖానికి జానెడు దూరంలో, రంగు పూసిన ముఖం ఒకటి ఉంది. పై పెదవి ఒక పక్కకు ముడుచుకుని ఉంది. దాన్ని చూస్తూనే ఎడమ పిక్క బిగుసుకుంది. మరుక్షణం ఆ గొంతులోంచి హాలంతా దద్దరిల్లేలా మొరుగు వచ్చింది. మెకానిక్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. దొంగ నిజంగానే ఏడుస్తూ గోడ దూకి తల్లి దగ్గరికి పరిగెత్తాడు. టీచరు ఈసారి నటించలేదు.

కింద పడ్డ తండ్రిని చూసి పిల్ల కళ్ళు మెరిశాయి. ఆమె మళ్ళీ మొరిగింది.

పెద్దావిడ గుండె మీద చేయి వేసుకుని, మరో చేత్తో గొలుసు సంచిని గట్టిగా పట్టుకుంది.

"ఏమీ అనదు కదా నాయనా?"

"అంటుందమ్మా," అన్నాడు మెకానిక్, నేల మీదనుంచే, ఎంతో గర్వంగా.